పేషెంటు తాలూకు ఎవరు?

ప్రభుత్వాసుపత్రి వార్డులో కేస్ షీట్ చేతపట్టుకుని వచ్చిన నర్సు ముందుగా అడిగేది ఒకటే మాట: "ఈ పేషెంటు తాలూకు ఎవరమ్మా?" బయటి నుంచి మందులు తేవాలన్నా, రక్తం సర్దాలన్నా, స్కానింగ్ గదిదాకా స్ట్రెచర్ తోయాలన్నా, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాలన్నా తాలూకు మనిషి ఒకరు ఉండాలి. తాలూకు అంటే మన దగ్గర అమ్మానాన్నలు, అన్నదమ్ములు, మొగుడు, పిల్లలు. ఇంకో ఆడమనిషిని ప్రేమించిందని ఇంట్లోంచి గెంటేస్తేనో, ఆ ఇంట్లో ఉండలేక తనే బయటపడితేనో, ఆ స్త్రీ ఈ ప్రశ్నకి ఏం చెప్పాలి? పక్కన నిలబడ్డ అమ్మాయిని చూపించి "ఫ్రెండ్" అంటుంది. "ఫ్రెండ్ కాదమ్మా, ఇంటివాళ్లని పిలిపించు" అంటారు. ఇంటివాళ్లనుంచి పారిపోయి వచ్చిన మనిషికి వైద్యం చాలాసార్లు ఆ మాట దగ్గరే ఆగిపోతుంది.

ఇల్లు లేని ఆడవాళ్ల ఆరోగ్యం గురించి చదువుకోవడానికి కావలసినంత ఉంది. లెస్బియన్ (స్త్రీలనే ఇష్టపడే), బైసెక్సువల్ (ఆడవాళ్లనీ మగవాళ్లనీ ఇష్టపడే) స్త్రీల ఆరోగ్యం మీద కూడా గత ముప్ఫై ఏళ్లలో చాలా పని జరిగింది. ఈ రెండూ కలిసే చోట నిలబడ్డవాళ్ల గురించి మాత్రం సమాచారం చాలా తక్కువ. లెక్కపెట్టే పద్ధతుల్లోనే దీనికి కారణం కనిపిస్తుంది.

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లని ఒకే ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28న లెక్కపెట్టారు. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాళ్లు ఆ లెక్కలోకి వచ్చారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1.45 లక్షలు. పదిమందిలో నలుగురు ఆడవాళ్లే. ఇంట్లో తన్నులు తిని, బ్యాగు సర్దుకుని, అమీర్‌పేటలో స్నేహితురాలి హాస్టల్ గదిలో వారం, ఇంకొకరి దగ్గర పది రోజులు, డబ్బులున్నప్పుడు పీజీలో నెల అంటూ తిరిగే అమ్మాయి ఈ జాబితాలో ఎక్కడా లేదు. యూరప్‌లో ఇళ్లు లేనివాళ్ల కోసం పనిచేసే సంస్థల సమాఖ్య ఫెయాంట్సా 2005 నుంచి వాడుతున్న వర్గీకరణ ప్రకారమైతే ఆమె కూడా ఇల్లు లేని మనిషే. నెత్తిమీద కప్పు ఉన్నా అది తనది కాదు, ఎప్పుడు పొమ్మంటారో తెలియదు.

ఇక మన ఆరోగ్య గణాంకాలన్నిటికీ ఆధారమైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సంగతి దాని పేరులోనే ఉంది. అది ఇళ్లకి వెళ్లి చేసే సర్వే, ఇల్లు లేకపోతే ఎవరూ వచ్చి తలుపు తట్టరు. ఒకవేళ తట్టినా, ఎవరి మీద ఇష్టం అనే ప్రశ్న అందులో లేదు. అంటే ఈ స్త్రీ ఆ సర్వేకి ఒకసారి కాదు, రెండుసార్లు కనిపించకుండా పోయింది.

అడిగినచోట ఏం తేలిందంటే, అంకెలు చిన్నవేం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం తన నిరాశ్రయుల లెక్కతో పాటు చేసే సర్వేలో లైంగికత గురించి కూడా అడుగుతుంది. 2022లో జవాబిచ్చినవాళ్లలో 28 శాతం మంది తాము లెస్బియన్, గే, బైసెక్సువల్ లేదా ట్రాన్స్‌జెండర్, అంటే ఎల్‌జీబీటీ అని చెప్పారు. ఆ నగర జనాభాలో వాళ్ల వాటా 12 శాతం దగ్గర ఉంటుందని అంచనా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని విలియమ్స్ ఇన్‌స్టిట్యూట్ 2020లో ప్రచురించిన నివేదిక ప్రకారం అమెరికాలో లెస్బియన్, గే, బైసెక్సువల్ పెద్దవాళ్లలో 17 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు లేకుండా గడిపారు. మొత్తం జనంలో ఇది 6 శాతమే. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చాపిన్ హాల్ 2017లో యువత మీద చేసిన పెద్ద అధ్యయనంలో ఎల్‌జీబీటీ యువతకి ఈ ప్రమాదం మిగతావాళ్లకంటే 2.2 రెట్లు ఉంది.

విలియమ్స్ నివేదికలోనే ఇంకో అంకె ఉంది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు కానీ దాని దగ్గర కాసేపు ఆగాలి. ఇల్లు కోల్పోయిన ఈ లైంగిక మైనారిటీలలో దాదాపు 70 శాతం మందికి ఆ అనుభవం మొదటిసారి ఎదురైంది పద్దెనిమిదేళ్లు దాటాకే. ఈ విషయం ఎత్తగానే అందరి కళ్లముందూ కదిలే బొమ్మ మాత్రం వేరు: పదహారేళ్ల పిల్ల, విషయం తెలిసి తండ్రి గెంటేశాడు. అది జరుగుతుంది, కాదనలేం. ఎక్కువమంది కథ మాత్రం ఇంత నాటకీయంగా ఉండదు. ఉద్యోగం పోతుంది. కలిసి ఉన్న మనిషితో విడిపోతారు, అద్దె అగ్రిమెంట్ అవతలి మనిషి పేరు మీద ఉంటుంది. జబ్బు చేస్తుంది. ఇవన్నీ అందరికీ వచ్చే కష్టాలే. ఇలాంటప్పుడు వేరే స్త్రీ పుట్టింటికి పోతుంది, మూడు నెలలు అక్కడ ఉండి తేరుకుంటుంది. ఈమెకి పోవడానికి పుట్టిల్లు లేదు. ఇల్లు పోవడానికి చాలా ముందే, అంటే పదేళ్ల కిందటే, పుట్టిల్లు పోయింది. ఆ లోటు బయటపడేది కష్టం వచ్చిన రోజున.

మామూలుగా ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువకాలం బతుకుతారు. వీధిలో ఆ లాభం కూడా పోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2019లో ఇల్లు లేని స్థితిలో చనిపోయిన స్త్రీల సగటు వయసు 43.4 ఏళ్లు. పురుషులది 45.9. టొరాంటో షెల్టర్లలో ఉన్న స్త్రీల మీద 2004లో వచ్చిన అధ్యయనంలో, నలభై అయిదేళ్ల లోపు స్త్రీలు చనిపోయే ప్రమాదం ఆ నగరంలోని అదే వయసు స్త్రీలతో పోలిస్తే పది రెట్లు ఉందని తేలింది. మరణ ధ్రువపత్రంలో లైంగికత రాయరు కాబట్టి వీళ్లలో ఎందరు లెస్బియన్లో, ఎందరు బైసెక్సువలో చెప్పే దారి లేదు.

పది రెట్లు అన్నది ఎలా తయారవుతుందో అర్థం కావాలంటే ఒక రోజు గడిచే తీరు చూడాలి. అన్నిటికంటే ముందు పోయేది నిద్ర. ఒంటరి ఆడమనిషి రాత్రిపూట బయట పడుకోదు, మేలుకుని కూర్చుంటుంది. బస్టాండు వెయిటింగ్ హాల్లోనో, ఆసుపత్రి వరండాలో ఎవరో పేషెంటు తాలూకు మనిషిలానో కూర్చుని తెల్లవారాక ఎక్కడో కునుకు తీస్తుంది. నెలల తరబడి ఇలా సాగితే బీపీ, షుగర్, డిప్రెషన్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. తరవాత మందులు. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి, అరగంటో గంటో ఆగి తినాలి. మన ఇళ్లలో సగం మంది ఆడవాళ్లకి తెలిసిన నియమమే. పొద్దున ఎక్కడ లేస్తుందో, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో, తిండి ఎప్పుడో తెలియని మనిషికి ఆ ఒక్క మాత్రే పెద్ద ప్రాజెక్టు. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ కావాలి. నెలసరికి బాత్రూమ్ కావాలి. సులభ్‌లో ప్రతిసారీ డబ్బులివ్వాలంటే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. అలా తగ్గించాక మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రాకుండా ఉంటుందా?

ఇదంతా ఇల్లు లేని ఏ ఆడమనిషికైనా తప్పదు. లైంగికత దీని మీద ఏం చేరుస్తుందన్నదే ప్రశ్న. ముందు హింస సంగతి చూడాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2010లో దేశవ్యాప్తంగా సేకరించిన వివరాల్లో, జీవితభాగస్వామో ప్రేమికులో చేసిన అత్యాచారం, శారీరక హింస, వెంటపడి వేధించడం - వీటిలో ఏదో ఒకటి ఎదుర్కొన్నవాళ్లు బైసెక్సువల్ స్త్రీలలో 61 శాతం, లెస్బియన్లలో 44 శాతం, మిగతా స్త్రీలలో 35 శాతం. బైసెక్సువల్ స్త్రీల అంకె అంత పైన ఉండటం ఆ ఒక్క సర్వేకే పరిమితం కాదు. మానసిక ఆరోగ్యం, ఆత్మహత్యా ప్రయత్నాల మీద జరిగిన అధ్యయనాల్లోనూ తరచూ ఇదే వరస. వీళ్లని ఇటువాళ్లూ పూర్తిగా నమ్మరు, అటువాళ్లూ నమ్మరు. పెళ్లయి పిల్లలున్న స్త్రీలైతే ఈ సంగతి ఎవరితోనూ అనరు కూడా.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇల్లు లేని, ఉన్నా నిలకడ లేని సుమారు మూడొందల మంది స్త్రీలతో చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. గత ఆరు నెలల్లోనే ఏదో ఒక రకమైన హింసకి గురైనవాళ్లు పదిమందిలో ఆరుగురు. ఆ హింస చేసినవాళ్లు భాగస్వాములే కాదు, బయటివాళ్లు కూడా చాలామంది. అందుకని డాక్టరు "మీ ఆయన కొడుతున్నాడా?" అని ఒక్క ప్రశ్నతో సరిపెడితే సగం సంగతి బయటికి రాదు. వీధిలో రక్షణ కోసం ఒక మగవాడి పంచన చేరడం ఇల్లు లేని స్త్రీలు చాలామంది చేసే పని. ఒక్కడి చేతిలో పడితే మిగతావాళ్లు రారని లెక్క. పురుషుల మీద ఆకర్షణే లేని స్త్రీకి ఆ బేరం ఖరీదు ఎంతో ఊహించుకోవచ్చు. లెస్బియన్, బైసెక్సువల్ టీనేజీ అమ్మాయిల్లో అనుకోని గర్భాలు మిగతావాళ్లకంటే ఎక్కువని ఉత్తర అమెరికా అధ్యయనాలు పదేపదే చెప్పాయి. మొదటిసారి విన్నవాళ్లు తప్పు అచ్చయిందనుకుంటారు. ఎవరికీ అనుమానం రాకూడదని మగస్నేహాలు పెట్టుకోవడం, బలవంతం, తలదాచుకోవడానికి చోటు కోసం ఒళ్లు అప్పగించడం, "నీకెందుకులే" అని గర్భనిరోధక సలహా ఎవరూ ఇవ్వకపోవడం - ఇవన్నీ కలిపి చూస్తే వింత ఏమీ లేదు.

ఆ "నీకెందుకులే" గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష దగ్గర కూడా వినిపిస్తుంది. మగవాళ్లతో సంబంధం లేకపోతే ఆ పరీక్ష అక్కర్లేదన్న అపోహ ఇంగ్లండ్ లాంటి దేశంలోనే డాక్టర్లలోనూ ఉందని అక్కడి ఆరోగ్యశాఖ చెప్పుకోవలసి వచ్చింది. ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఆడవాళ్ల మధ్య కూడా పాకుతుంది. మన దగ్గర 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు శాతం కూడా లేరు. అదీ ఇల్లున్న ఆడవాళ్ల లెక్క.

ఈ అంకెలు చూపించి "చూశారా, అలాంటి జీవితం ఎంచుకుంటే ఇలాగే ఉంటుంది" అనేవాళ్లు ఉంటారు. 1990ల నుంచి ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు ఈ వాదనకి జవాబుగా ఒక వివరణ తయారుచేస్తూ వచ్చాడు. 2003లో దాన్ని పూర్తి రూపంలో ప్రచురించాడు. దాన్ని మైనారిటీ ఒత్తిడి సిద్ధాంతం అంటారు. మనిషిలో లోపం ఏమీ లేదు, బయటివాళ్ల వివక్ష, ఎప్పుడు ఏమంటారోనన్న నిత్యపు జాగ్రత్త, దాచిపెట్టుకోవడం, చివరికి తన మీద తనకే కలిగే ఏవగింపు - ఇవి మామూలు జీవితపు టెన్షన్ల మీద అదనంగా పడి జబ్బు చేస్తాయని ఆయన చెప్పాడు. ఇల్లున్న మనిషి రోజంతా నటించి రాత్రి తలుపు వేసుకున్నాక ముసుగు తీసి పక్కన పెడుతుంది. తలుపే లేని మనిషి ఆ ముసుగు ఎప్పుడు తీయాలి? ఇల్లు లేని స్త్రీ విషయంలో ఈ సిద్ధాంతానికి చేర్చాల్సింది ఇదేననిపిస్తుంది. ఇరవైమంది పడుకునే షెల్టర్ హాల్లో ఫోన్ మాట్లాడటానికి కూడా గొంతు తగ్గించాలి.

షెల్టర్ సంగతి వచ్చింది కాబట్టి మన ఏర్పాట్లు చూద్దాం. హింస ఎదుర్కొన్న స్త్రీల కోసం 2015లో మొదలైన సఖి వన్ స్టాప్ సెంటర్లలో ఉండనిచ్చేది అయిదు రోజులవరకు. ఆ తరవాత ఎక్కువకాలం ఆశ్రయమిచ్చే స్వధార్ గృహానికి పంపాలి. 2022 నుంచి వాటికి శక్తి సదన్ అని పేరు మారింది. స్వధార్ మార్గదర్శకాల్లో రాసుకున్న లక్ష్యాల్లో ఒకటి, ఆ స్త్రీ కుటుంబంలోనో సమాజంలోనో మళ్లీ సర్దుకునేలా సాయపడటం. మొగుడితో గొడవపడి వచ్చినామె విషయంలో దానికేదో అర్థం ఉంది, అక్కడా అభ్యంతరాలున్నాయనుకోండి. ప్రమాదం కుటుంబం నుంచే వచ్చినప్పుడు మాత్రం మందు పేరుతో రోగాన్నే ఇచ్చినట్టవుతుంది. గృహహింస చట్టం కింద కూతురు కన్నవాళ్ల మీద, అన్నల మీద కూడా కేసు పెట్టొచ్చు. ఆ చట్టం ఇచ్చే పెద్ద హక్కేమో అదే ఇంట్లో ఉండే హక్కు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఒక హెబియస్ కార్పస్ పిటిషన్ (బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరేది) వచ్చింది. ఇద్దరు యువతులు విజయవాడలో ఏడాదిగా కలిసి ఉంటున్నారు. ఒకమ్మాయిని తండ్రి బలవంతంగా నర్సీపట్నంలోని ఇంటికి తీసుకెళ్లి బంధించాడని రెండో అమ్మాయి కోర్టుకెక్కింది. కోర్టు ఆ అమ్మాయికి తనకి నచ్చిన మనిషితో ఉండే హక్కు ఉందని చెప్పి, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దంది. ఆ కేసు వివరాల్లో పత్రికలు ఒక వాక్యంలో రాసి దాటేసిన సంగతి ఒకటుంది. అంతకుముందు ఒకసారి పోలీసులు ఆ అమ్మాయిని తండ్రి ఇంటినుంచి విడిపించారు. విడిపించాక ఒక సంక్షేమ గృహంలో పదిహేను రోజులు ఉంచారు. నేను మేజర్ని, నా భాగస్వామి దగ్గరికి పోతాను అని ఆమె చెబుతున్నా సరే. నిరాశ్రయులకి ఆశ్రయమిచ్చే చోటు, ఉండటానికి చోటున్న మనిషికి పదిహేను రోజుల నిర్బంధమైంది. అక్కడ తాలూకు ఎవరన్న ప్రశ్నకి "నాన్న కాదు, ఆమె" అన్న జవాబు ఎవరూ రాసుకోలేదు.

తమిళనాడులో ఇలాంటి కథే ముందు జరిగింది. మదురై నుంచి ఇద్దరు యువతులు చెన్నైకి పారిపోయి వచ్చారు. ఇళ్లవాళ్లు మిస్సింగ్ కేసులు పెట్టారు. మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ ఈ విషయం తనకి సరిగా తెలియదని ఒప్పుకుని, తనే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నాక 2021 జూన్‌లో ఉత్తర్వులిచ్చారు. లైంగికతని "మార్చే" చికిత్సలు కూడదన్న మాటే వార్తల్లోకి ఎక్కింది. స్వల్పకాలిక వసతి గృహాల్లో, ట్రాన్స్‌జెండర్ల కోసం కేంద్రం పెట్టిన గరిమా గృహాల్లో అవసరమైన మార్పులు చేసి ఈ సముదాయంలో ఎవరు ఆశ్రయం కోరి వచ్చినా చోటివ్వాలన్న ఆదేశం కూడా అందులోనే ఉంది. ట్రాన్స్ స్త్రీలకి పేరుకైనా ఒక పథకం ఉంది, ఒక చట్టం ఉంది. లెస్బియన్, బైసెక్సువల్ స్త్రీలకి అలా పేరు పెట్టి చెప్పిన గది ఒక్కటీ లేదు.

మిస్సింగ్ కేసు అన్నది పోలీస్ స్టేషన్‌లో ఉండే కాగితం. అది ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తుంది? ఎవరైనా కొట్టారనో, విషం తాగిందనో క్యాజువాలిటీకి వస్తే మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకి కబురు పంపుతారు. ఇంటివాళ్లు తనమీద మిస్సింగ్ కేసు పెట్టి ఉంటారని తెలిసిన అమ్మాయి చెయ్యి విరిగినా క్యాజువాలిటీకి వెళ్లదు. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుంటుంది. సైకియాట్రిస్టు దగ్గరికి అసలే పోదు, ఎందుకంటే జీవితంలో మొదటిసారి సైకియాట్రిస్టు దగ్గరికి ఆమెని తీసుకెళ్లింది తల్లిదండ్రులే అయ్యుంటారు, "బాగు చేయించడానికి". 2017 మానసిక ఆరోగ్య చట్టం లైంగిక ధోరణిని బట్టి వైద్యంలో వివక్ష చూపకూడదని స్పష్టంగా రాసింది. అలాంటి "బాగు చేయడాలు" వృత్తిపరమైన తప్పు అని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. అంతకుముందు పట్టుకున్న భయం ఆ ప్రకటనతో పోదు కదా.

ముందు ఇల్లివ్వండి, మిగతావన్నీ తరవాత మాట్లాడదాం అనే పద్ధతి న్యూయార్క్‌లో 1992లో మొదలైంది. మద్యం మానాలి, మందులు వేసుకోవాలి లాంటి షరతులు పెట్టకుండా తాళం చేతికిస్తారు. కెనడా అయిదు నగరాల్లో రెండు వేల మందికి పైగా మనుషులతో దీన్ని పరీక్షించింది. ఇల్లు నిలబెట్టుకోవడంలో తేడా బ్రహ్మాండంగా కనిపించింది. మానసిక ఆరోగ్యంలో మెరుగుదల మాత్రం మామూలు సాయం అందినవాళ్లలో ఎంతో వీళ్లలోనూ ఇంచుమించు అంతే. దీన్ని బట్టి ఇల్లు దండగ అనుకోనక్కర్లేదు. ఇరవై ఏళ్లలో వచ్చిన జబ్బు తాళం చెవితో రెండేళ్లలో నయం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2015లో ఎల్‌జీబీటీ పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక షెల్టర్ తెరిచారు, ఇరవై నాలుగు మంచాలు. పైన చెప్పిన 28 శాతం అంకెతో పోల్చి చూస్తే ఆ ఇరవై నాలుగు ఎంత చిన్నదో తెలుస్తుంది. అయినా ఆ మంచం దొరికినవాళ్లు అక్కడైనా గొంతు తగ్గించక్కర్లేదు.

మన దగ్గర వైద్యానికి తాళం చెవి లాంటిది ఒకటుంది: రేషన్ కార్డు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయినా, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, కేంద్రం ఆయుష్మాన్ భారత్ అయినా లెక్క కుటుంబానికే. ఇంట్లోంచి కట్టుబట్టలతో వచ్చేసిన అమ్మాయి పేరు ఇంకా నాన్న కార్డులోనే ఉంటుంది, కార్డు నాన్న బీరువాలో ఉంటుంది. పెళ్లయిన కూతురి పేరు పుట్టింటి కార్డులోంచి తీయించి అత్తింటి కార్డులో ఎక్కించడం అందరికీ తెలిసిన వ్యవహారం. ఒకమ్మాయి పేరు ఇంకో అమ్మాయి కార్డులో ఎక్కించడం మొన్నమొన్నటిదాకా ఎవరూ ఊహించలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించలేమని చెప్పాక, కేంద్రం వేసిన కమిటీ పుణ్యమా అని 2024లో కొన్ని ఉత్తర్వులు వచ్చాయి. జాయింట్ బ్యాంక్ అకౌంట్ తెరవొచ్చు. దగ్గరి బంధువులు రాకపోతే భాగస్వామి శవాన్ని తీసుకోవచ్చు. రేషన్ కార్డు విషయంలో అలా కలిసి ఉంటున్న ఇద్దరినీ ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకి ఆహార శాఖ రాసింది.

అంటే కాగితం మీద ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒక కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తులో ఇంటి నంబరు రాయాలి.